నంది ఎక్కాలా, మంచనబెలె దిగాలా: బెంగళూరులో సెలవు రోజు సైకిలు దారులు

బెంగళూరులో సైకిలు కొన్నవాళ్లను ఆఫీసులో రెండు ప్రశ్నలు అడుగుతారు. ఎంత పెట్టి కొన్నారు, నంది ఎక్కారా. మొదటిదానికి అందరూ కాస్త తగ్గించే చెబుతారు, ఆ మాట ఇంటిదాకా వెళ్తుందన్న భయంతో. రెండోది నగరానికి ఉత్తరాన ఉన్న నంది కొండ గురించి, దానికి తగ్గించి చెప్పే వీలు లేదు. ఆ ప్రశ్న పుణ్యమా అని, సైకిలు కొన్న మూడో వారానికే నేను నంది ఘాట్ రోడ్డు మధ్యలో సైకిలును నడిపించుకుంటూ కనిపించాను. నెల్లూరులో పుట్టి పెరిగినవాణ్ణి. కాలువగట్టు తప్ప వేరే ఎత్తు ఎరగను. బూట్ల అడుగున పెడల్‌కు తగిలించుకునే క్లీట్లు తారురోడ్డు మీద టకటకమంటున్నాయి. మలుపు దగ్గర జామకాయలు అమ్ముతున్న ఒకామె నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూసి, చిక్కబళ్ళాపురం తెలుగులో "ఏమప్పా, కారు లేదా నీకు?" అంది. వెటకారమేమీ లేదు, నిజంగానే జాలిపడింది.

అప్పటికి పది నిమిషాల ముందే మా ఆవిడ నన్ను దాటి వెళ్లిపోయింది. ఆమెది నా సైకిలు ధరలో మూడో వంతుకు వచ్చిన హైబ్రిడ్, అంటే తారురోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే మామూలు సైకిలు. బరువు కూడా నాదానికన్నా ఎక్కువే. పైన టిక్కెట్ల గేటు దగ్గర వేరుశెనక్కాయలు తింటూ నా కోసం ఎదురుచూసింది. ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

ఆ తర్వాత ఆరేళ్లుగా, వానలు మరీ దంచికొడితే తప్ప, రెండు వారాలకొకసారి ఏదో ఒక దారి పట్టుకుని వెళ్తూనే ఉన్నాం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్లకు కొదవ లేదు కనుక, కొత్తగా సైకిలు కొన్నవాళ్లు ఎవరో ఒకరు ఫోను చేసి ఎటు వెళ్లాలని అడుగుతుంటారు. అందరికీ ఒకటే చెబుతాను. మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కుతామన్న లెక్కను బట్టి దారిని ఎంచుకోవద్దు. ఆ దారిలో అన్నిటికన్నా నిలువుగా ఉండే అరకిలోమీటరు ఎక్కడుంది, అది ప్రయాణంలో ముందు వస్తుందా చివర వస్తుందా, దానికి సరిపడే గేరు మీ సైకిలుకు ఉందా అన్నవి చూడండి. ఆ తర్వాత, ఇంటి నుంచి అక్కడికి చేరేలోపు లారీలతో ఎంతసేపు వేగాలో చూడండి. ఆనందం ఉంటుందా పోతుందా అన్నది వీటిలోనే తేలిపోతుంది.

ముందు గేరు, తర్వాతే కొండ

నా ఓటమికి కారణం కాళ్లు కావని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేను కొన్నది సెకండ్‌హ్యాండ్ రేసింగ్ సైకిలు. అమ్మినతను "కొండలకు పనికొస్తుందా" అన్న నా ప్రశ్నకు "తేలిగ్గా ఉంది కదా సార్" అని బదులిచ్చాడు. ముందు, పెడల్ దగ్గరి పళ్లచక్రాల్లో చిన్నదానికి 39 పళ్లు, వెనుక క్యాసెట్‌లో, అంటే వెనుక చక్రానికి బిగించిన పళ్లచక్రాల గుత్తిలో, పెద్దదానికి 25 పళ్లు. ఇది పోటీల్లో పాల్గొనే కుర్రాళ్ల కోసం చేసిన అమరిక. మా ఆవిడ హైబ్రిడ్‌కు ముందు మూడు పళ్లచక్రాలు, అందులో చిన్నదానికి 28 పళ్లు, వెనుక పెద్దదానికి 32.

ఈ అంకెల్ని కాలికి అర్థమయ్యేలా మార్చి చూడండి. సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు ముందుకు వెళ్తుంది. నా అమరికలో పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిలు దాదాపు 3.3 మీటర్లు కదులుతుంది, ఆమెది 1.8 మీటర్లే. నూటికి పది వాలు ఉన్న చోట, అంటే వంద మీటర్ల దూరానికి పది మీటర్లు లేచే చోట, నేను ఒక్కో చుట్టుకు 33 సెంటీమీటర్లు పైకి లేవాలి. ఆమె 18 సెంటీమీటర్లు లేస్తే చాలు. మన ఇళ్లలో మెట్టు ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. ఆమె మామూలుగా మెట్లు ఎక్కుతోంది, నేను మెట్టు విడిచి మెట్టు ఎక్కుతున్నాను. గంటసేపు అలా ఎక్కితే ఎవరు ముందు కూలబడతారో చెప్పనక్కర్లేదు.

చిన్న గేరు ఉంటే నెమ్మదిగా వెళ్లే హక్కు వస్తుంది. ముందు 34, వెనుక 34 పళ్లు ఉంటే నిమిషానికి అరవై చుట్లు తిప్పినా వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లే. నా పాత అమరికలో అవే అరవై చుట్లకు దాదాపు పన్నెండు కిలోమీటర్లు వెళ్లాలి. అంత వేగంతో కొండెక్కే బలం లేకపోతే చుట్లు తగ్గిపోతాయి, మోకాళ్ల మీద భారం పడుతుంది, చివరికి కాలు కింద పెట్టాల్సి వస్తుంది. నలభై దాటినవాళ్లు ఈ ఒక్క కారణంతోనైనా చిన్న గేరు కోసం పట్టుబట్టాలి.

అందువల్ల "తేలిక సైకిలు కొననా, గేర్లు మార్పించనా" అని అడిగితే రెండో ఆలోచన లేకుండా గేర్లు మార్పించమంటాను. లెక్క చూడండి. మనిషి 72 కిలోలు, సైకిలు 13 కిలోలు అనుకుందాం, కలిపి 85. సైకిలు బరువు మూడు కిలోలు తగ్గించడానికి మీరు పెద్ద మొత్తం పోస్తారు. ఆ మూడు కిలోలు మొత్తం బరువులో మూడున్నర శాతం. యాభై నిమిషాల ఎక్కుడులో మిగిలేది రెండు నిమిషాల లోపే. వెనుక క్యాసెట్ మార్చడానికి అందులో చిన్న వాటా సరిపోతుంది. అయితే మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి. మీ వెనుక డీరైలర్, అంటే చెయినును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదకు జరిపే భాగం, ఎన్ని పళ్ల వరకు పట్టగలదు? కొత్త క్యాసెట్‌కు ఇప్పుడున్న చెయిను పొడవు సరిపోతుందా? ఇవి చూడకుండా పెద్ద క్యాసెట్ బిగించి పంపేస్తే, పెద్ద చక్రం మీదకు వచ్చేసరికి చెయిను బిగుసుకుపోతుంది. మొదటి మలుపులోనే.

గేర్లే లేని సైకిలు ఉన్నవాళ్లు నంది సంగతి ప్రస్తుతానికి మరిచిపోవడం మంచిది. కింద చెప్పిన చిక్కతిరుపతి దారి వాళ్లకు బ్రహ్మాండంగా ఉంటుంది.

నంది: ఒకే కొండ, ఒకే పట్టు

నంది శిఖరం సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తున ఉంటుంది. నగరం నుంచి సుమారు అరవై కిలోమీటర్లు. కొండ మొదలు నుంచి పైదాకా ఘాట్ రోడ్డు ఏడున్నర కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది, ఎక్కేది నాలుగు వందల మీటర్లకు పైగా. సగటు వాలు నూటికి ఐదారు. ఈ సగటును నమ్మకండి. మొదటి భాగం మర్యాదగానే ఉంటుంది. మధ్యలో కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది కూడా. చివరి మలుపుల దగ్గర, మీరు అలసిపోయాక, రోడ్డు ఒక్కసారిగా నిలబడుతుంది. సగటును పైకి లాగేది అక్కడే. నన్ను దింపేసింది కూడా అక్కడే.

కనుక నందిలో మొదటి మూడో వంతు ఎలా తొక్కుతారన్న దాన్ని బట్టి చివరి మూడో వంతు ఉంటుంది. కింద చల్లగా ఉంటుంది, కాళ్లు కొత్తగా ఉంటాయి, పక్కన ఎవరో దాటి వెళ్తారు, పౌరుషం వస్తుంది. అక్కడ పౌరుషపడినవాళ్లలో సగం మంది పైన నాలాగా నడుస్తారు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా మొదలుపెట్టండి. మాట మధ్యలో ఊపిరి తెగుతోందంటే ఒక గేరు దించండి.

మలుపుల గురించి ఒక చిన్న మర్మం. మన దేశంలో ఎడమ వైపున వెళ్తాం కనుక, ఎడమకు తిరిగే మలుపులో మనం లోపలి అంచున ఉంటాం. అక్కడ వాలు నిలువుగా ఉంటుంది. కుడికి తిరిగే మలుపులో బయటి అంచున ఉంటాం, కాస్త దూరం ఎక్కువైనా వాలు తక్కువ. అందుకని ఎడమ మలుపు కనిపించగానే, దాని మెడ దగ్గరకు చేరకముందే గేరు దించుకోవాలి. మలుపులోకి వచ్చాక బలమంతా పెడల్ మీద ఉన్నప్పుడు గేరు మారిస్తే చెయిను గరగరమంటుంది, కొన్నిసార్లు ఊడి కిందపడుతుంది. కుడి మలుపును విశ్రాంతిగా వాడుకోండి, నీళ్లు తాగండి. తేలిగ్గా ఉంటుంది కదా అని ఎడమ మలుపులో రోడ్డు మధ్యకు మాత్రం జరగవద్దు. పై నుంచి దిగే కార్లకు మీరు కనిపించరు.

నంది లోపం కొండలో లేదు, జనంలో ఉంది. ఆదివారం తెల్లవారుజామున సూర్యోదయం కోసం బయలుదేరిన కార్లు, మోటారు సైకిళ్లు ఘాట్ రోడ్డు నిండా ఉంటాయి. మీరు రొప్పుతూ ఊపిరి లాగే సమయానికి ముందున్న కారు మొదటి గేరులో పొగ వదులుతుంటుంది. గేటు తెరిచే వేళలు, శని ఆదివారాల ఆంక్షలు మారుతూ ఉంటాయి కాబట్టి ముందురోజు తప్పక తెలుసుకుని వెళ్లండి. నా మటుకు నేను నందికి ఆదివారం వెళ్లడం మానేశాను. బుధవారమో గురువారమో ఒక పూట సెలవు పెట్టి వెళ్తే, అదే రోడ్డు మీద మీ ఊపిరి చప్పుడు మీకు వినిపిస్తుంది.

నగరం నుంచి తొక్కుకుంటూ వెళ్లాలా, కారులో కొంత దూరం తీసుకెళ్లాలా? వెళ్లిరావడం నూట ఇరవై కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం విమానాశ్రయం వైపు వెళ్లే బళ్లారి రోడ్డు. సర్వీసు రోడ్డు మీద బస్సులు, పక్కనుంచి వచ్చి కలిసే కార్లు, ఎక్కడ పడితే అక్కడ వచ్చే స్పీడ్ బ్రేకర్లు. అలవాటున్నవాళ్లు చీకటితో బయలుదేరి వెళ్తారు. సరదాకు తొక్కేవాళ్లకు నా సలహా, దేవనహళ్లి దాకా కారు వెనుక కట్టుకుని వెళ్లండి. అక్కడి నుంచి కొండ మొదలుకు ఇరవై కిలోమీటర్లకు అటూఇటూ. ఒళ్లు వేడెక్కడానికి సరిగ్గా సరిపోతుంది. దారికి రెండు వైపులా ద్రాక్ష పందిళ్లు, అక్కడక్కడా గులాబీ తోటలు. దేవనహళ్లి పంపరపనసకు ప్రసిద్ధి, దొరికితే తిరుగు ప్రయాణంలో ఒకటి కారులో పడేసుకోండి.

కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వర ఆలయం ఉంది. సుమారు తొమ్మిదో శతాబ్దంలో మొదలై తరతరాలుగా పెరిగిన గుడి. ఎక్కేముందు వద్దు, దిగాక వెళ్లండి. కోనేటి మెట్ల మీద కూర్చుంటే కాళ్లు వాటంతటవే చల్లబడతాయి. నాకు నంది మీద ఉన్న మమకారానికి ఇంకో కారణం ఉంది. మా పెన్న పుట్టింది ఈ కొండల వరసలోనే, చెన్నకేశవ కొండ మీద. ఇక్కడి నుంచి అనంతపురం, కడప మీదుగా దాదాపు ఆరు వందల కిలోమీటర్లు నడిచి మా నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. వేసవిలో ఇసుక తప్ప ఏమీ కనిపించని ఆ నదిని చూస్తూ పెరిగినవాడికి, దాని పుట్టిల్లు ఇంత పచ్చగా ఉందని తెలియడం ఒక వింత. కొండ దగ్గర జామకాయలమ్మే ఆమెతో తెలుగులోనే బేరమాడవచ్చు. అది కూడా పెన్న తెచ్చిన చుట్టరికమే అనుకుంటాను.

మంచనబెలె: ముందు దింపి తర్వాత ఎక్కించే దారి

ఇదే నంది కొండల్లో పుట్టిన ఇంకో నది అర్కావతి. అది పెన్నలా ఉత్తరానికి వెళ్లకుండా హెసరఘట్ట, తిప్పగొండనహళ్లి జలాశయాల మీదుగా నగరానికి పడమరగా దిగుతుంది. ఆ నది మీద కట్టిందే మంచనబెలె డ్యాం. మైసూరు రోడ్డు నుంచి రామోహళ్లి వైపు తిరిగితే ముందు దొడ్డ ఆలద మర, అంటే పెద్ద మర్రిచెట్టు, వస్తుంది. నగరం నుంచి అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల లోపే. నాలుగు వందల ఏళ్ల చెట్టంటారు, మూడెకరాల మేర ఊడలు దిగి ఉంటుంది. అక్కడి నుంచి డ్యాం దాకా ఉన్న దారి నాకు బెంగళూరు చుట్టుపక్కల అన్నిటికన్నా ఇష్టం.

ఇది అలలాంటి దారి. మిట్ట ఎక్కి పల్లంలోకి జారితే, ఆ ఊపు తర్వాతి మిట్టలో సగం దాకా తీసుకెళ్తుంది. మిగతా సగం తొక్కాలి. అదీ రెండు మూడు నిమిషాల పని. అటూ ఇటూ రాగి చేలు, గుండ్రటి రాతి గుట్టలు, మధ్యలో మామిడి తోటలు. గేరు ఎప్పుడు దించాలి, ఊపును ఎలా దాచుకోవాలి, పైకి చేరాక ఎక్కడ తొక్కడం ఆపి జారాలి అన్నవన్నీ ఒకే ఉదయంలో ఇరవై సార్లు అభ్యాసమవుతాయి. నందిలో ఎంత చేసినా ఒకటే పాఠం: ఓపిక.

కానీ ఈ దారి మోసం చేస్తుంది. నంది ముందు ఎక్కిస్తుంది, తర్వాత ఇంటిదాకా దింపుతుంది. మంచనబెలె సరిగ్గా దీనికి తలకిందులు. డ్యాం లోయలో ఉంది కనుక వెళ్లేటప్పుడు హాయిగా జారుకుంటూ వెళ్తారు. "ఇంత తేలికా" అనుకుంటారు. పదిన్నరకి ఎండ ఎక్కాక, సీసాలో నీళ్లు అడుగంటాక, అదే దారిలో వెనక్కి ఎక్కాలి. చిన్న చిన్న మిట్టలే. కానీ వెళ్లిరాగా లెక్కేస్తే మొత్తం ఎక్కుడు నందికి తీసిపోదు. మా బావమరిది మొదటిసారి వచ్చినప్పుడు డ్యాం గట్టు మీద ఫొటోలు దిగుతూ గంట గడిపాడు. తిరుగుదారిలో మూడో మిట్ట దగ్గర చింతచెట్టు కింద కూర్చుని, ఆటో దొరుకుతుందా అని అడిగాడు. అక్కడ దొరకదు.

అందుకని ఇక్కడ రెండు జాగ్రత్తలు చాలు. వెళ్లేటప్పుడు సగం బలం కూడా ఖర్చు చేయవద్దు, తొమ్మిదిలోపు వెనక్కి తిరగండి. డ్యాం నీళ్లలో దిగాలన్న ఆలోచన అసలే వద్దు. ఆ నీళ్లలో ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా జరిగాయి. ఓపిక మిగిలితే బిడది వైపు తిరిగి తట్టె ఇడ్లీ తినవచ్చు. పళ్లెమంత ఇడ్లీ, మెత్తగా, వెన్న వేసి ఇస్తారు. ముందు రెండు చెప్పి, తర్వాత మూడోది అడగడం ఆనవాయితీ.

చిక్కతిరుపతి, ఇంకా గాలి సంగతి

తూర్పు వైపు ఉన్నవాళ్లకు పై రెండూ నగరానికి అవతలి వైపు. వైట్‌ఫీల్డ్ నుంచి మైసూరు రోడ్డు చేరేసరికే సగం పొద్దు పోతుంది. వాళ్లకు చిక్కతిరుపతి ఉంది. మాలూరు తాలూకాలో వేంకటేశ్వరుడి గుడి, వైట్‌ఫీల్డ్ నుంచి పాతిక కిలోమీటర్లకు అటూఇటూ. కొండ అనదగ్గది ఏమీ లేదు. రోడ్డు నెమ్మదిగా లేచి నెమ్మదిగా పడుతుంది, ఎక్కడా కాలు కింద పెట్టాల్సిన అవసరం రాదు. గేర్లు లేని సైకిలు, పదమూడేళ్ల పిల్లలు, ఇరవై ఏళ్ల తర్వాత సైకిలెక్కిన పెద్దమ్మలు, అందరూ వెళ్లి రాగలరు. మాలూరు ఇటుకలకూ పెంకులకూ పేరున్న ఊరు, ఆ లారీలు తగులుతాయి. పొద్దున్నే వెళ్లి రావాలి. శనివారాలు, మరీ ముఖ్యంగా శ్రావణ శనివారాలు వద్దు, గుడికి వచ్చే వాహనాలే రోడ్డంతా నిండిపోతాయి.

నేను ఈ దారిని చాలాకాలం చిన్నచూపు చూశాను. ఒక జూన్ నెలలో బుద్ధొచ్చింది. వెళ్లేటప్పుడు గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో, పాటలు పాడుకుంటూ వెళ్లాం. వచ్చేటప్పుడు పదిహేను కూడా రాలేదు. నైరుతి రుతుపవనాల కాలంలో, జూన్ నుంచి ఆగస్టు దాకా, బెంగళూరులో గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది. తూర్పుకు వెళ్తే అది మిమ్మల్ని తోసుకుంటూ తీసుకెళ్తుంది, ఇంటికి తిరిగేటప్పుడు ఎదురొస్తుంది. కొండకైనా ఒక శిఖరం ఉంటుంది. ఎదురుగాలికి అదీ ఉండదు.

ఈ ఒక్క విషయం పట్టించుకుంటే మీ వానాకాలపు ఆదివారాలు సగం బాగుపడతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర దారులు, అంటే మంచనబెలె, మాగడి, సావనదుర్గ. కాళ్లు కొత్తగా ఉన్నప్పుడు ఎదురుగాలి, అలిసిపోయాక వెనుక నుంచి తోసే గాలి. మంచనబెలె తిరుగు ఎక్కుడులో ఆ గాలి చేసే సాయం ఇంతా అంతా కాదు. తూర్పు దారులను చలికాలానికి దాచుకోండి. డిసెంబరు, జనవరిలో మాలూరు వైపు దారి పక్కన అనపకాయలు, అంటే అనప చిక్కుళ్లు, గుట్టలుగా పోసి అమ్ముతారు. సైకిలు వెనుక సంచి కట్టుకుని వెళ్లడానికి అంతకన్నా మంచి సాకు లేదు.

మిగిలినవి, క్లుప్తంగా

సావనదుర్గ ఒకే పెద్ద రాతికొండ, దాని మీదకు సైకిలు వెళ్లదు. కింద అడవి అంచున దారి మాత్రం నీడగా బాగుంటుంది. దొడ్డబళ్ళాపురం దాటాక మాకళిదుర్గ పక్కనుంచి ఘాటి సుబ్రహ్మణ్యకు వెళ్లే దారి నందికన్నా మెత్తన, రద్దీ కూడా తక్కువ. నందికి ముందు ఒకటి రెండుసార్లు ఇటు వెళ్తే మంచిది. తుమకూరు దగ్గర దేవరాయనదుర్గ దూరం, కానీ అడవి మధ్య ఎక్కుడు. కింద భోగ నరసింహుడు, పైన యోగ నరసింహుడు. భోగం దగ్గర టిఫిను చేసి యోగం దగ్గరకు తొక్కాలి. పై గుడికి వెళ్లే ముక్క పొట్టిదే అయినా నిలువుగా ఉంటుంది, పెద్ద క్యాసెట్ లేకుండా వద్దు. తురహళ్లి మట్టి దారులు లావు టైర్ల వాళ్లవి. సన్నటి టైర్లతో వెళ్లి గొడవపడకండి. ఇక రెండు రోజుల సెలవు దొరికితే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు ఉండనే ఉన్నాయి. 1,265 మీటర్ల ఎత్తు, మన పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. సైకిలును కారులో తీసుకెళ్లి, సాయంత్రం విశ్రాంతి తీసుకుని, తెల్లారి ఎక్కాలి.

నగరంలోనే ఉండి సాధన చేయాలంటే ఫ్లైఓవర్ల మీద పైకీ కిందికీ తిరిగేవాళ్లను చూశాను. నేనైతే చేయను. ఆ పొగలో అరగంట తొక్కడంకన్నా ఇంట్లో అరగంట ఎక్కువ నిద్రపోవడం మేలు.

దిగడం ఎక్కడంకన్నా కష్టం

ఎక్కేటప్పుడు పడినా మోచేయి గీసుకుంటుంది. దిగేటప్పుడు అలా కాదు. పైకి చేరేసరికి చొక్కా చెమటతో తడిసి ఉంటుంది, డిసెంబరులో నంది మీద మంచు, చలిగాలి. అలాగే దిగితే ఐదు నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు నొక్కే పట్టు ఉండదు. గాలి చొరని పల్చటి కోటు ఒకటి మడిచి జేబులో పెట్టుకోండి. మరిచిపోతే పైన దొరికిన పాత దినపత్రికను చొక్కా లోపల రొమ్ముకు అడ్డంగా పెట్టుకోండి. ఇది పాతకాలం సైకిలు పందేల నాటి చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది.

బ్రేకును దారి పొడవునా నొక్కిపట్టి ఉంచవద్దు. చక్రం అంచును పట్టే రబ్బరు బ్రేకులైతే రిమ్ము వేడెక్కుతుంది, డిస్కు బ్రేకులైతే ప్యాడ్లు పట్టు తప్పుతాయి. మలుపు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదలండి. మలుపులో ఎటు చూస్తే సైకిలు అటే వెళ్తుంది, కాబట్టి లోయ అందాలు ఎక్కేటప్పుడే చూసేయండి. వాన పడి తడిసిన రోడ్డయితే నంది దిగడం అసలు వద్దు, ఆగండి. కోతులు కూడా చూసుకోవాలి. చేతి సంచి ఏది కనిపించినా వాటి దృష్టిలో అరటిపండే.

ఇంతకీ మీరెటు?

సైకిలెక్కి ఆరు నెలలు కాలేదంటే, ఎంత పెద్ద సైకిలున్నా, నందికి వెళ్లవద్దు. చిక్కతిరుపతో, పెద్ద మర్రిచెట్టు దాకానో నాలుగైదు సార్లు వెళ్లండి. ఆఫీసులో అడిగితే ఇంకా లేదని చెప్పండి, కొంపలేమీ మునగవు. గేరు సరిపడా ఉండి, ఒకే విషయం మీద గంటసేపు మనసు పెట్టడం ఇష్టమైనవాళ్లకు నంది. దారిలో కబుర్లు, టీ, చెట్టు నీడ కావాలనుకునేవాళ్లకు మంచనబెలె. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే కూడా మంచనబెలేనే. అలల దారిలో వెనుకబడినవాళ్లు పల్లంలో మళ్లీ కలుస్తారు, నందిలో వెనుకబడితే గేటు దాకా కలవరు. వేరుశెనక్కాయలు అయిపోయేదాకా ఎదురుచూడటం అందరికీ నచ్చదు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ముందు డాక్టర్ మాట వినండి, ఆయన సరేనంటే చదును దారి పట్టండి.

మా బావమరిది మాత్రం ఇవేమీ వినలేదు. వచ్చే గురువారం నందికే వెళ్తానని కూర్చున్నాడు. క్యాసెట్ 34 పళ్లకు మార్పించాకే అని షరతు పెట్టాను, మార్పించాడు. మొదటి సగం నా వెనుకే, నన్ను దాటకుండా తొక్కాలన్నాను, ఒప్పుకున్నాడు. ఒకవేళ నడవాల్సి వస్తే రోడ్డు అంచున మట్టి మీద నడవమని కూడా చెప్పాను. తారు మీద నడిస్తే క్లీట్లు అరిగిపోతాయి, కొత్తవి ఖరీదెక్కువ.